దసరాకు రంగేసిన గొలుసు

స్టోరు ఉద్యోగమంటే తాళంచెవుల గుత్తి పట్టుకుని ఫ్యాను కింద కూర్చోవడమని నేను రిటైరయ్యేదాకా మా ఇంట్లో వాళ్లు అనుకున్నారు. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నారు. నేనే వాళ్లను దిద్దడం మానేశాను. సైట్లలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ప్రగతి నగర్‌లో మా ఇంటికి వచ్చి, మీకు బాగా గుర్తుండిపోయిన రోజేది మేడం అని అడుగుతుంటారు. ఏదో కూలిపోయిన కథ చెబుతానని ముందుకు వంగి కూర్చుంటారు. నాకు గుర్తుండిపోయిన రోజున ఏదీ కూలలేదు, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అయినా అది తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. కాసేపటికి నవ్వు కూడా వస్తుంది.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. మాదాపూర్‌లో మేం కడుతున్న అద్దాల మేడ పని చివరికొచ్చింది. సిమెంటు సంచి మొదలు చీపురుకట్ట దాకా ఏది బయటికి పోవాలన్నా స్టోర్ ఇన్‌చార్జిగా నేను ఊ అనాలి. ఆ సామానంతటిలో నన్ను భయపెట్టినవి బరువులెత్తే గొలుసులు. తాడైతే తెగేముందు పీచు లేస్తుంది, కళ్లున్నవాడికి తెలుస్తుంది. గొలుసుకు ఆ మర్యాద లేదు. చూడటానికి దిట్టంగానే ఉంటుంది, లోలోపల ఏదో ఒక లింకు సాగుతుంటుంది. ఆ ఒక్క లింకు పోతే మిగతావన్నీ ఎంత బాగున్నా దండగే. అందుకే ప్రతి గొలుసుకూ ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. దాని నంబరేమిటో, ఎంత బరువు మోయగలదో ఆ బిళ్ల మీద చెక్కి ఉంటుంది. బిళ్ల లేని గొలుసు నా దృష్టిలో పాత ఇనుముతో సమానం.

బరువులెత్తే ముఠాకు పెద్ద, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ. మాదాపూర్‌లో ఇంకా గుట్టలు పగలగొడుతున్న రోజుల్లోనే వచ్చాడట. ఇక్కడి మేడల మీదున్న యంత్రాల్లో సగం తన చేతుల మీదుగానే పైకెక్కాయని చెప్పేవాడు. అందులో కొంచెం కోతలున్నా, చాలావరకు నిజమే. నాకంటే వయసులో పెద్దవాడైనా నన్ను అక్కా అనేవాడు. ఆ ముఠా మొదటి సైటు నుంచీ వాడుతున్న నాలుగు కాళ్ల గొలుసు ఒకటి ఉండేది. పైన ఒక రింగు, దానికి వేలాడే నాలుగు గొలుసు కాళ్లు. దాన్ని వాళ్లు పెద్దమ్మ అని పిలిచేవాళ్లు. పెద్దమ్మతో ఎత్తితే పని సాఫీగా అవుతుందని వాళ్ల నమ్మకం.

దసరాకు ముందు గొలుసులు పరీక్షించే ఇంజనీరు బయటి నుంచి వచ్చాడు. పెద్దమ్మ కాళ్లలో ఒకదాని మధ్యలో ఒక లింకు సాగి సన్నబడిందని కొలిచి చూపించాడు. దాని మీద ఎర్ర పెయింటు పూసి, "దీన్ని గ్యాస్‌తో కోయించేయండి మేడం. ఉంటే ఎవరో ఒకరు వాడతారు" అని చెప్పి వెళ్లాడు. అది సరైన మాట. పనికిరాని గొలుసును మూల పడేయడం కాదు, ముక్కలు చేయాలి. కానీ సమ్మెలో లారీలు ఆగిపోయి మా దగ్గర గ్యాస్ సిలిండర్లు అయిపోయాయి. దాన్ని గోనె సంచిలో కట్టి స్టోరు వెనక గదిలో పెట్టించాను. మేస్త్రీ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏంది అక్కా, ఎన్నేండ్ల సంది మమ్ముల మోసింది గది. ఒక్క లింకుకే కొయ్యమంటవా?"

"మోసిందని మొక్కుకో మేస్త్రీ. ఇంకా మోస్తాదని మాత్రం నమ్మొద్దు" అన్నాను. నాది అనంతపురం. కోపమొచ్చినా, ప్రేమొచ్చినా నా నోట మా ఊరి మాటే వస్తుంది.

అదే వారంలో రోడ్డు మీద వంటావార్పు జరిగింది. సమ్మె చేసేవాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించేవాళ్లు. మేస్త్రీ ముఠా అంతా అక్కడే ఉంది. వాళ్ల దగ్గరే ఉండిపోయిన పనిముట్ల పెట్టె తాళంచెవి కోసం వెళ్లిన నన్ను చూసి మేస్త్రీ గరిటె ఊపాడు. "రా అక్కా, బువ్వ తిని పో. మీ సీమోళ్లకు గూడ పెడ్తం." కూర్చుని తిన్నాను. "కారం తక్కువైంది మేస్త్రీ" అంటే పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ సంగతి మా ప్రాజెక్టు మేనేజరు చెవిన పడింది.

మేనేజరు గోదావరి జిల్లా మనిషి. ఎంత మండిపడినా "అండి" వదలడు. బుద్ధిలేని పని చేశారండి అనడం ఆయనకే చెల్లింది. పాపం, అప్పుడు ఆయన పరిస్థితి చూడాలి. ఒక పక్క భవనం ఎప్పుడిస్తావని ఫోన్లు, ఇంకో పక్క సగం మంది పనివాళ్లు లేరు. ఇంట్లో భార్య, మనం ఇక ఈ ఊళ్లో ఉండగలమా అని రోజూ అడిగేదట. ఆయన నిద్రపోయినట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

"మీరు కూడా అక్కడ కూర్చుని తిన్నారటండి?" అని అడిగారు నన్ను.

"ఆకలైంది సార్, తిన్నాను. పప్పన్నానికి పార్టీ యాడుంటాది?"

ఆయన నవ్వలేదు. అంతలో మా అక్కకు కంటి ఆపరేషనని కబురొచ్చింది. స్టోరు తాళాలు నా అసిస్టెంటుకు అప్పగించి, గోనె సంచిలోది ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి అనంతపురం వెళ్లాను. బస్సులు తిరగక అనుకున్నదానికంటే ఆలస్యంగా తిరిగొచ్చాను. మధ్యలో దసరా అయిపోయింది.

రైలు దిగి, స్టేషన్ నుంచి ఇంటికి కూడా పోకుండా చేతి సంచితో సైటుకే వచ్చాను. స్టోరు తలుపు తీయగానే కళ్లు చెదిరాయి. సుత్తులు, పానాలు, జాకీలు, బండి చక్రాలు, అన్నీ వెండిరంగు పెయింటుతో మెరిసిపోతున్నాయి. పసుపు, కుంకుమ, వాడిన బంతిపూలు. గోడకున్న కొక్కేలకు గొలుసులన్నీ ఒక్కలాగే తళతళలాడుతున్నాయి. ఒక కొక్కెం ఖాళీగా ఉంది. వెనక గదిలో గోనె సంచి కూడా ఖాళీగా ఉంది.

అసిస్టెంటు సంతోషంగా చెప్పాడు. ఆయుధ పూజలో ఏ పనిముట్టునూ పక్కన పెట్టకూడదట. పైగా పెద్దమ్మకు ఇదే ఆఖరి దసరా అని మేస్త్రీ తనే సంచి విప్పి, కడిగి, అన్నిటితో పాటు రంగు వేయించాడట. బిళ్లలు విప్పి శుభ్రంగా తోమి మళ్లీ కట్టారట.

"ఏ బిళ్ల దేనికో చూసే కట్టినారా?"

అబ్బాయి ముఖంలో సంతోషం పోయింది. ఖాళీ కొక్కెం వైపు చూసి, అక్కడి గొలుసు పనికి పోయిందని అర్థమై పరుగెత్తాను. ఆ వయసులో నేనంత వేగంగా పరుగెత్తగలనని నాకే తెలియదు.

గేటు బయట రోడ్డు వారన ట్రైలరు ఆగి ఉంది. మేడ మీదికి ఎక్కించాల్సిన ఏసీ యంత్రం, ఒక చిన్న బస్సంత ఉంటుంది, గొలుసుకు వేలాడుతూ ట్రైలరు మీద నుంచి జానెడు పైకి లేచి ఉంది. ఏ బరువునైనా ముందు అలా జానెడు ఎత్తి ఆపి చూడటం పద్ధతి. మేస్త్రీ మోకాళ్ల మీద వంగి, తల యంత్రం కిందికి పెట్టి, అడుగునున్న చెక్క దిమ్మెలు లాగుతున్నాడు. నేను రెండు చేతులూ పైకెత్తి, "ఆపండప్పా! దించండి! మేస్త్రీ, బయటికి రా!" అని అరిచాను. మన పనిలో ఒక నియమం ఉంది. ఎత్తమని ఒక్కరే చెప్పాలి, ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి. క్రేను నడిపే అబ్బాయి ఆ నియమం మరిచిపోలేదు. వాడికి నేనెప్పటికీ రుణపడి ఉంటాను. మేస్త్రీ వెనక్కి జరగ్గానే యంత్రాన్ని నెమ్మదిగా ట్రైలరు మీదికి దించాడు.

మేనేజరు ఉరికినట్టు వచ్చారు. "ఏం చేస్తున్నారండి మీరు? రేపు బంద్ అండి! రాత్రిలోగా ఇది పైకి ఎక్కకపోతే రేపు రోడ్డు మీదే ఉంటుంది, రాళ్లు పడతాయండి. వీళ్లను బతిమాలి పనికి తెచ్చుకున్నాను. మీరు కూడా సమ్మెలో చేరారా అండి?"

ఆయన మాట పూర్తికాకముందే ముఠాలోంచి ఎవరో అన్నారు. "సమ్మెకు పోయినమని పగబట్టినట్టుంది గీ ఆంధ్రామె. పని జేస్తుంటే చెయ్యనిస్తలేదు." ఒకే నిమిషంలో నన్ను ఇద్దరు రెండు పక్షాల్లో చేర్చేశారు. ఇంకో సమయంలో అయితే నవ్వేదాన్ని.

"ఈ గొలుసు ఏది మేస్త్రీ?" అని అడిగాను.

"గిది వేరేది అక్కా. పెద్దమ్మను నేనే పక్కకు, చివరి కొక్కేనికి తగిలిచ్చిన. నాకు తెల్వదా? బంద్ లోపల ఎక్కిస్తనని సారుకు మాటిచ్చిన. జర ఎక్కించనీ."

అతని మాట అబద్ధం కాదు. నిజంగానే చివరి కొక్కేనికి తగిలించాడు. కానీ నా వెనకే వచ్చిన అసిస్టెంటు తల దించుకుని, పూజ ఫొటో తీసేటప్పుడు పూలు కనపడటం లేదని గొలుసులన్నీ దించి మళ్లీ తగిలించామని చెప్పాడు. మేస్త్రీ అతని వైపు, క్రేను కొక్కెం వైపు మార్చి మార్చి చూశాడు.

"రంగు గీకి చూద్దాం" అన్నాను.

"పూజ జేసినదాన్ని గీకుతవా అక్కా?"

"నువ్వే గీకు. నీ చెయ్యైతే తల్లికి కోపం రాదు."

గొలుసు దించి రోడ్డు మీద పరిచారు. మేస్త్రీ రంగు కరిగించే థిన్నర్‌లో గుడ్డ ముంచి, ఒక్కో లింకూ తుడుస్తూ వచ్చాడు. మొదటి కాలు, రెండో కాలు, కింద నల్లటి ఇనుము తప్ప ఏమీ లేదు. ముఠాలో గొణుగుడు పెరిగింది. మేనేజరు వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు. మూడో కాలు మధ్యలో వెండిరంగు కింద నుంచి కొంచెం ఎరుపు బయటపడింది. మేస్త్రీ చెయ్యి ఆగింది.

"కుంకుమ అక్కా" అన్నాడు. "పూజల పెట్టిన కుంకుమ."

అది కుంకుమే అయితే బాగుండునని ఆ క్షణంలో నేను కూడా కోరుకున్నాను. అతను బొటనవేలితో గట్టిగా రుద్దాడు. వేలికి ఎరుపు అంటలేదు. ఇంకోసారి రుద్దాడు. పెయింటు కదల్లేదు. ఆ లింకు పక్కవాటికంటే పొడుగ్గా, సన్నగా ఉందని అందరికీ కనిపించింది. మేస్త్రీ రోడ్డు మీదే కూలబడ్డాడు.

"దీని కిందనే తల పెట్టిన గద అక్కా" అన్నాడు, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా.

అసలు కష్టం అక్కడి నుంచి మొదలైంది. మేనేజరు ముఖం పాలిపోయింది. భయపడిన మనిషికి మొదట కనిపించేది శత్రువే. "ఇది పొరపాటు కాదండి" అన్నారు. "ఎర్ర గుర్తు మీద రంగేశారు. బిళ్లలు మార్చేశారు. రేపు బంద్, ఇవాళ ఇది పడిపోవాలి. కావాలనే చేశారండి. పోలీసులకు చెప్పాల్సిందే." జేబులోంచి ఫోను తీశారు.

ముఠా అంతా లేచి నిలబడింది. ఆ రోజుల్లో సమ్మెకు వెళ్లొచ్చిన మనిషి మీద అలాంటి మాట పడితే దాన్ని దులుపుకోవడం ఎంత కష్టమో ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. మేస్త్రీని తీసుకుపోతే ఆ ముఠాను ఇక ఏ సైటూ గేటు దాటనివ్వదు. అతను మాత్రం లేవలేదు. కింద కూర్చునే ఆయన వైపు చూశాడు.

"సారూ, తెలంగాణ గావాలె నాకు. కాదంటలేను. గని గందుకు మీ మిషను ఎందుకు పడాలె? కింద మా పోరగాళ్లు ఉన్నరు. నేనున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. "సార్, ఆ ఫోను ఒక్క నిమిషం ఆపండి" అన్నాను. "ఇందాక దాని కింద తల పెట్టింది ఎవరు? పడగొట్టాలనుకున్నోడు తన తల యాడ పెట్టుకుంటాడు? ఈయన సమ్మెకు పోయినాడు, నిజమే. ఈ గొలుసుకు మొక్కినాడు, అదీ నిజమే. మొక్కినందుకే రంగేసినాడు సార్. రెండిటినీ కలిపి కుట్ర అనొద్దండి. ఇది ప్రేమతో చేసిన తప్పు. దీనికి పోలీసులు పనికిరారు, గ్యాస్ కట్టరు కావాల."

మేనేజరు ఫోను దించి గొలుసు వైపు చూశారు.

"రంగు డబ్బాలు తెప్పించింది నేనేనండి" అన్నారు. "పండక్కి కంపెనీ పెద్దలు చూడ్డానికొస్తారు, అన్నీ మెరవాలి అని నేనే చెప్పాను. పూజలో ఈ గొలుసులకి మొదటి బొట్టు నా చేత్తోనే పెట్టించారండి." తన చేతి వైపు చూసుకుని, "గౌరవం చేశారనుకున్నాను" అన్నారు.

తర్వాత ఫోను చేశారు. పోలీసులకు కాదు, హెడ్డాఫీసుకు. మేమంతా వింటుండగానే చెప్పారు. "యంత్రం ఎత్తడం ఆపేశామండి. పనికిరాని గొలుసుకి మేమందరం కలిసి రంగేసి పూజ చేశాం. అవునండి, అందరం. ఎవరిదో ఒకరి పేరు కావాలంటే నా పేరు రాసుకోండి." అవతలి అరుపులు మాకు కూడా వినిపించాయి. ఆయన వింటూ నిలబడ్డారే గాని, మరొకరి పేరు చెప్పలేదు. నాకాయన మీద అంతవరకు ఉన్న అభిప్రాయమంతా ఆ ఫోనుతో మారిపోయింది.

పక్క సైటు నుంచి గ్యాస్ సిలిండరు అరువు తెప్పించాను. కోసే మనిషి వచ్చాడు గాని, పసుపు కుంకుమలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పూజ చేసినదాన్ని నేను కోయనన్నాడు. మేస్త్రీ లేచి చెప్పులు విడిచి, గొలుసుకు దండం పెట్టి, గ్యాస్ కట్టరు అతని చేతిలోంచి తీసుకున్నాడు. ఆ సాగిన లింకునే మొదట కోశాడు. ఆ తర్వాత ఒక్కో కాలూ, చివరికి రింగూ. కళ్లకు నల్లద్దాలున్నాయి కాబట్టి ఏడ్చాడో లేదో నాకు తెలియదు. నేనైతే ఏడ్చాను, అద్దాలు కూడా లేవు. బిళ్లలన్నీ కలిసిపోయాయి కాబట్టి, పరీక్షించే మనిషి మళ్లీ వచ్చేదాకా మిగతా గొలుసులు కూడా కదిలేది లేదని స్టోరుకు తాళం వేశాను.

పిల్లలూ, మీకు చెప్పదలచుకున్నది ఇంతే. ప్రాణం పోయిన పనిముట్టును గౌరవంగా మూల పెట్టకండి, అదే రోజు కోసేయండి. ఆపాలనిపించినప్పుడు చెయ్యి ఎత్తండి. మిమ్మల్ని ఎవరు ఏ పక్షంలో చేరుస్తారో తర్వాత చూసుకోవచ్చు. కొత్త గొలుసు సమ్మె సద్దుమణిగాక వచ్చింది, యంత్రం ఆ తర్వాతే పైకెక్కింది. అది మామూలు పని, చెప్పుకునేందుకేమీ లేదు.

చెప్పవలసింది మరునాటి బంద్ సంగతి. యంత్రం ట్రైలరు మీదే, రోడ్డు వారనే ఉండిపోయింది. సైటులో పని లేదు. మేనేజరూ నేనూ గేటు లోపల నిలబడి ఉన్నాం. రాళ్లు పడతాయన్న ఆయన భయం నిజమయ్యేలాగే ఉంది. పొద్దున్నే ఒక గుంపు నినాదాలు చేసుకుంటూ వచ్చింది. పెద్ద కంపెనీ యంత్రం ఒంటరిగా కనపడేసరికి కొందరు కుర్రాళ్లు రాళ్లు ఏరుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు చూశాను, ట్రైలరు మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అతని ముఠా కూడా ట్రైలరు చుట్టూ ఉంది. మేస్త్రీ లేచి నిలబడి గుంపు వైపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జై తెలంగాణ!" అన్నాడు గట్టిగా. గుంపు తిరిగి అన్నది. ఆ తర్వాత, "గిది ముట్టకుండ్రి. గిది మావోళ్లది" అన్నాడు.

ఆ రోజుల్లో మావోళ్లు, మీవోళ్లు అన్న మాటలు ఎంత బరువైనవో అప్పుడున్న వాళ్లందరికీ తెలుసు. కుర్రాళ్లు రాళ్లు కింద పడేసి ముందుకు సాగిపోయారు. మేనేజరు గేటు గడియ తీసి రోడ్డు మీదికి వెళ్లి, మేస్త్రీ చెయ్యి అందిస్తే పట్టుకుని ట్రైలరెక్కి అతని పక్కన కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లి ఇద్దరికీ చాయ్ పంపించాను.